సిగ్నలింగ్‌కు రెండు దారులు
(ఒంగోలులో ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీరు నెల్లూరు హాస్టల్లో ఉండి ఒంగోలులో ఉన్న అమ్మకు ఫోన్ చేశారనుకుందాం. అక్కడ రింగ్ మోగకముందే ఎక్స్ఛేంజీలు తమలో తాము మాట్లాడుకుంటాయి. ఫలానా నంబరుకు కాల్ వస్తోందని ఐఏఎం అనే సందేశం వెళ్తుంది. నంబరు పూర్తిగా అందిందని అటు నుంచి ఏసీఎం వస్తుంది. అమ్మ ఫోన్ ఎత్తగానే ఏఎన్ఎం. పెట్టేశాక లైను వదలమని ఆర్‌ఈఎల్, వదిలామని ఆర్‌ఎల్‌సీ. అన్నీ చిన్న చిన్న చీటీలు. ఎక్స్ఛేంజీలు ఇలా మాట్లాడుకునే పద్ధతే ఎస్ఎస్7 సిగ్నలింగ్. అందులో ఈ కాల్ చీటీల భాగం పేరు ఐఎస్‌యూపీ.

మొదట్లో ఈ చీటీలకు సెకనుకు 64 కిలోబిట్ల లింకులు జతగా కేటాయించేవాళ్ళం. జత లింకు పోతే దాని బరువు కూడా మోయాలి కాబట్టి, మామూలు రోజుల్లో లింకును సగం కూడా నింపనిచ్చేవాళ్ళం కాదు. ఎస్ఎంఎస్‌లు పెరిగేసరికి ఆ లింకులు చాల్లేదు. ఇంటర్నెట్ వాడే ఐపీ మీద పంపుదామంటే, అక్కడ ప్యాకెట్లను వరస తప్పకుండా చేర్చే టీసీపీ పనికి రాలేదు. టోల్‌గేటు దగ్గర ఒక లారీ ఆగితే వెనకున్న బండ్లన్నీ ఆగినట్టు, టీసీపీలో ఒక్క ప్యాకెట్ పోతే దాని వెనక వచ్చిన వందల కాల్స్ చీటీలు కూడా ఆగిపోతాయి. పైగా దానికి ఇటొక అడ్రసు, అటొక అడ్రసు, అంతే.

అందుకే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో సిగ్‌ట్రాన్ అనే బృందం, టీసీపీ బదులు వాడుకోవడానికి ఎస్‌సీటీపీని తయారుచేసింది. 2000 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 2960 అనే ప్రమాణ పత్రంగా వచ్చింది. ఇందులో ఒకే కనెక్షన్లో చాలా స్ట్రీములుంటాయి, ఒకటి ఆగినా మిగతావి నడుస్తాయి. ఇటూ అటూ రెండేసి ఐపీ అడ్రసులు పెట్టుకోవచ్చు, అంటే రెండు దారులు. దాని మీద, ఎస్ఎస్7 చీటీలను ఐపీకి అప్పగించే ఎం3యూఏ కూర్చుంటుంది. పైనున్న ఐఎస్‌యూపీకి కింద ఐపీ ఉందన్న సంగతే తెలియదు. మీ 4జీ టవరు నుంచి కంపెనీ ప్రధాన నెట్‌వర్కుకు (కోర్) వెళ్ళే సిగ్నలింగ్ కూడా ఎస్‌సీటీపీ మీదే.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆర్ఎఫ్‌సీలో ఉన్న డిఫాల్ట్ విలువలు అలాగే వదిలేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. పంపినదానికి జవాబు కోసం చూసే మొదటి టైమౌట్ 1 సెకను, తర్వాత 2, 4, 8, 16, 32. కలిపితే 63 సెకన్లు. దారి తెగిందని తేల్చుకోవడానికే నిమిషం దాటుతుంది! అంతసేపూ కొత్త చీటీలు ముందు ఆ తెగిన దారిలోకే వెళ్ళి, ఆలస్యంగా రెండో దారి పడతాయి. ఐఎస్‌యూపీలో ఏసీఎం కోసం చూసే గడువు 20 నుంచి 30 సెకన్లే. కాబట్టి ఆ విలువలు తగ్గించకుండా లింకును సర్వీసులో పెట్టకండి.

దీనికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది. నా ఉద్యోగంలో ఒక వానాకాలం రాత్రి రెండు దారులూ ఒకేసారి పడిపోయాయి. డ్రాయింగులో రెండు గీతలు విడివిడిగా ఉన్నాయి. పొద్దున గుంత తవ్వి చూస్తే రెండు ఫైబర్లూ ఒకే కల్వర్టు కింద, ఒకే గొట్టంలో! రెండోదాన్ని వేరే రోడ్డు పక్కన వేయించేదాకా నాకు టెన్షన్ పోలేదు. 2021 నవంబరు వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలూ కొట్టుకుపోయాయి. పేరుకు రెండు దారులు, రెంటినీ తెంపింది ఆ ఒక్క వరదే.

ఇప్పుడు ల్యాబులో, ప్యాకెట్లను విప్పి చూపించే వైర్‌షార్క్ తెరుద్దాం. మొదటి ప్యాకెట్, ఎస్‌సీటీపీ కనెక్షన్ మొదలుపెట్టే ఇనిట్. అందులో రెండు ఐపీ అడ్రసులు కనిపిస్తాయి. ఆ రెండు కేబుళ్ళూ ఏ రోడ్డు పక్కన, ఏ కల్వర్టు కింద వెళ్తున్నాయో మ్యాపు మీద నాకు చూపించాలి.