మూడో వారం మాది

అందరికీ నమస్కారం. ముందు వరసలో తలకి స్కార్ఫు కట్టుకుని కూర్చున్న అమ్మలకీ, వాళ్ళ పక్కన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళకీ మరీ మరీ నమస్కారం. ఆ ఫైలు బరువు నాకు తెలుసు.

మాది రాజమండ్రి. హైస్కూల్లో సైన్సు చెబుతాను. నాకు రొమ్ము కేన్సరని తేలిన రోజున మా ఇంట్లో అన్నిటికంటే ముందు తగ్గిపోయింది మాటల చప్పుడు. ఫోను వస్తే మావారు పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవారు. పిల్లలు టీవీ సౌండు తగ్గించేశారు. వంటింట్లో అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. నేను గదిలోంచి వస్తే చాలు, అందరూ ఒకేసారి కూరగాయల ధరల గురించి మొదలుపెట్టేవారు. కీమో, అంటే కేన్సరు మందులు ఎక్కించడం, ఇంకా మొదలవలేదు, నన్ను ముందు భయపెట్టింది ఆ గుసగుసలే. అవి మా ఇంట్లోంచి ఎలా పోయాయో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

నాకు మొదట ఇచ్చిన మందుల్లో ఒకటి డాక్సోరుబిసిన్. ఎర్రగా ఉంటుంది. నర్సు దాన్ని పెద్ద సిరంజిలో తెచ్చి, పక్కనే కూర్చుని, నడుస్తున్న సెలైన్‌లోకి మెల్లమెల్లగా ఎక్కిస్తుంది. నరం దాటి బయటికి కారితే అక్కడి చర్మం, కండ దెబ్బతింటాయి. అందుకే ఆవిడ నా చేతి మీంచి చూపు తిప్పలేదు. ఆ సిరంజి చూసి నా కాళ్ళు, చేతులు చల్లబడ్డాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పక్కనే ఉంది. కాసేపు దానికేసి చూసి, "అమ్మా, నీకు రోజ్‌మిల్క్ తెచ్చారే" అంది. రాజమండ్రిలో పుట్టినవాళ్ళకి రోజ్‌మిల్క్ గురించి వేరే చెప్పాలా! ముందు నర్సు నవ్వింది, తర్వాత నేను నవ్వాను. మా అమ్మాయి కూడా నవ్వబోయి భోరున ఏడ్చేసింది. అన్నాళ్ళకి మా ఇంటివాళ్ళు నా ఎదుట ఏడవడం అదే మొదటిసారి. దాని తల నిమురుతుంటే నాకు పెద్ద బరువు దిగినట్టనిపించింది. మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే ఎవరూ కంగారు పడలేదు. అది మందు రంగేనని నర్సు ముందే చెప్పింది. "రోజ్‌మిల్క్ వెళ్ళిపోతోంది" అని నేనే కేకేసి చెప్పాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. కీమో రోజున మీకు బాగా ఇష్టమైనవి తినకండి, తాగకండి. ఆ వాంతుల్ని మనసు ఆ రుచికి ముడిపెట్టేస్తుంది, తర్వాత అది నోట పెట్టలేం. నేను రోజ్‌మిల్క్ తాగనైనా లేదు, పేరు అనుకున్నందుకే ఇప్పటికీ ఆ వాసన పడదు.

నాకు ఆ కీమో 21 రోజులకొకటి చొప్పున నాలుగు సైకిళ్ళు, అంటే నాలుగు విడతలు, ఇచ్చారు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టే మా ఇంట్లోనూ చెప్పాను. ఈ మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుంది. కేన్సరు కణాలు అలాంటివే, జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగులు, రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా అలాంటివే. అందుకే మొదటి వారం వికారం, నీరసం. రెండో వారంలో, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మూడో వారానికి ఒళ్ళు తేరుకుంటుంది. ఆ మూడో వారానికి మా అబ్బాయి క్యాలెండర్లో పచ్చ స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. ఆ ఏడు రోజులూ మావే. పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు, చుట్టాలని పిలవలేదు. జనం పల్చబడ్డాక గోదావరి గట్టున కూర్చునేవాళ్ళం, నలుగురం అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. పాతికేళ్ళ కాపురంలో మావారు ఆడి ఓడిపోవడం నేను అప్పుడే చూశాను.

వంట కూడా ఆయనే చేశారు. జీవితంలో టీ కూడా పెట్టని మనిషి. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, నిలబడలేరు. నోరంతా పూసి కారం తగిలితే మంట, అందుకని నాకు విడిగా చారు కాచేవారు. ఆ చారులో నాకు ఏ రుచీ తెలిసేది కాదు. కీమోలో నాలుక రుచి పోతుందని డాక్టరు చెప్పారు కదా, నోరు మూసుకుని తాగేదాన్ని. ఇలా పది రోజులు గడిచాయి. ఒక రోజు మా అబ్బాయి తన గిన్నె అనుకుని నా చారు పోసుకున్నాడు. ఒక ముద్ద తిని, "నాన్నా, దీంట్లో ఉప్పేది?" అన్నాడు. జబ్బు మనిషికి ఉప్పు వెయ్యకూడదేమో అని ఆయన మానేశారట! మంచం మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

మా అబ్బాయి ఇంటర్. వాడు ఒక సాయంత్రం యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చదివి వినిపించాడు. 1895లో భీమవరంలో పుట్టిన సైంటిస్టు. అమెరికాలో ఆయన ఆధ్వర్యంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందుని డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా, అంటే రక్త కేన్సరు, ఉన్న పిల్లలకి ఇచ్చారు. తాత్కాలికంగానైనా ఆ జబ్బు మందుకి లొంగడం అప్పుడే చూశారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, అదే ఏడాది సుబ్బారావుగారు పోయారు. అత్తయ్యగారు అంతా విని, "అయితే మన భీమవరం మందేనా! ఇంకేం భయం?" అన్నారు. నానమ్మా, అమ్మకి ఇచ్చేది వేరే మందు అని వాడు సర్దిచెప్పబోయాడు. "బాట వేసింది మనవాడేగా" అన్నారావిడ. ఆ రోజు నుంచి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు.

నవ్వుతూ ఉంటే కేన్సరు పారిపోతుందని నాకు చాలామంది చెప్పారు. ఆ మాట నేను ఒప్పుకోను. కేన్సరు తగ్గేది మందుతో, సర్జరీతో, రేడియేషన్‌తో. ఏడ్చినందువల్ల మందు పనిచెయ్యకుండా పోదు. నీరసంతో గోడవైపు తిరిగి పడుకున్న ఆవిడని "కాస్త నవ్వమ్మా" అని విసిగించకండి, దణ్ణం పెడతాను. పరామర్శకి వచ్చిన ఒక బంధువు నా గుండు చూసి "పోన్లే, షాంపూ ఖర్చు మిగిలింది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే మాట మా అమ్మాయి ఇదివరకే అంది, అప్పుడు పడీపడీ నవ్వాను. తేడా ఏమిటంటే, నా వాంతి గిన్నె పట్టింది అది. మా ఇంట్లో జోకు వేసే హక్కు గిన్నె పట్టినవాళ్ళకే.

రెండో వారంలో మాత్రం జోకుల్లేవు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చూపించిందా, తెల్లారేదాకా ఆగకూడదు, మాత్ర వేసుకుని పడుకోకూడదు. నాకు రాత్రి పదకొండింటికి వచ్చింది. క్యాజువాల్టీలో వరసలో కూర్చోమన్నారు. మావారు గొంతు పెంచి "కీమోలో ఉంది, తెల్లకణాలు తక్కువ" అని రెండుసార్లు చెప్పాకే లోపలికి తీసుకెళ్ళారు. మీరు అక్కడ మొదట చెప్పాల్సిన మాట అదే, పేరు తర్వాత.

జుట్టు రెండు వారాలు దాటాక రాలడం మొదలైంది. దిండు మీద చూడలేక గుండు చేయించుకున్నాను. మూడో వారంలో అత్తయ్యగారితో వీధిలోకి వస్తే కూరగాయల బండి అతను, "తిరుపతి ఎప్పుడెళ్ళొచ్చారమ్మా? నాకు లడ్డూ ఏది?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అత్తయ్యగారు, "ఇంకా వెళ్ళలేదు నాయనా, గుండు ముందైంది, దర్శనం మిగిలింది. నీ లడ్డూ నా బాకీ" అన్నారు. ఇద్దరం గేటు పట్టుకుని నవ్వాం.

ఆవిడ ఆ రోజే మొక్కుకున్నారని నాకు తర్వాత తెలిసింది. నాలుగు సైకిళ్ళయ్యాయి, వారానికొకటి చొప్పున ఇంకో మందు పన్నెండుసార్లు అయింది, వేళ్ళ చివర్ల తిమ్మిరి మిగిలింది. సర్జరీ, రేడియేషన్ కూడా పూర్తయ్యాక అందరం తిరుమల వెళ్ళాం. కళ్యాణకట్టలో డెబ్బై రెండేళ్ళ మా అత్తయ్యగారు తన తెల్లజుట్టంతా ఇచ్చేశారు. అప్పటికి నాకు రెండంగుళాల జుట్టు వచ్చింది. రాజమండ్రిలో దిగిన మర్నాడు పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, ఆవిడ లడ్డూ పొట్లం పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు, బండి కోసం.