కోర్సు అయిపోయాక

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ వైపు ఒక ఊళ్లో, వంటింటి గూట్లో విడిగా పెట్టిన స్టీలు గ్లాసు ఒకటి చూశాను. అంచు కింద మేకుతో గీసిన గుర్తు ఉంది. ఆ ఇంటి కోడలికి టీబీ అని తెలిసిన రోజు గీసిన గుర్తది. ఆరు నెలలూ గోలీలు మింగింది. తెమడ పరీక్షలో క్రిమి లేదని తేలింది. అది జరిగి ఎనిమిది నెలలు. ఇంకా ఆ గ్లాసుతోనే తాగుతోంది. ఎందుకమ్మా అంటే "అలవాటైంది సార్" అంది. అత్తగారు పక్కనే ఉంది, ఏమీ అనలేదు.

టీబీ గ్లాసుతో అంటదు. జబ్బు మనిషి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే క్రిములతో అంటుతుంది. మందులు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇదంతా చెప్పి, ఆ గ్లాసుతోనే నాకు మంచినీళ్లు ఇమ్మన్నాను. అత్తగారు కాసేపు తటపటాయించి, ముంచి తెచ్చింది. తాగాను.

ఇంకో మనిషి, పాలమూరు నుంచి హైదరాబాదుకు పనికి పోయే మేస్త్రీ. "గోలీలన్నీ మింగిన సార్, అయినా రెండంతస్తులు ఎక్కితే దమ్ము వస్తున్నది. మళ్లీ తిరగబెట్టిందా?" అని టెన్షన్. తెమడ పరీక్ష చేయిస్తే క్రిమి లేదు. జబ్బు పోయినా అది చేసిన గాయం మచ్చగా మిగులుతుంది. మచ్చ పడిన చోట ఊపిరితిత్తి మునుపటిలా సాగదు, అందుకే ఆయాసం. ఎక్స్‌రేలో ఆ మచ్చ ఏళ్ల తరబడి కనిపిస్తుంది. ఒక్క ఎక్స్‌రే చూసి మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టకండి, తెమడ పరీక్ష అడగండి.

అలాగని అన్నీ మచ్చ మీదికి నెట్టేయొద్దు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. తెమడలో రక్తం పడితే అసలు ఆగొద్దు. ఏమీ లేకపోయినా కోర్సు ముగిశాక 6, 12, 18, 24 నెలలకు పరీక్షకు పోవాలి. ఆ నల్లగొండ కోడలమ్మ మొదటిదానికే పోలేదు, ఎవరూ గుర్తు చేయలేదట. నాకు బాధ కలిగించేది ఇదే. గోలీ మింగిందా లేదా అని ఆరు నెలలు అడిగినవాళ్లం, ఆ తర్వాత ఎట్లున్నావని అడగం.

పోషణ కింద ప్రభుత్వం టీబీ రోగికి ఇచ్చే నెలకు 1000 రూపాయలు కూడా చికిత్స ఉన్నన్నాళ్లే. తగ్గిన బరువు అన్నాళ్లలో అందరికీ తిరిగి రాదు. మన దగ్గర పల్లీలకు కొదవ లేదు. పల్లీలు, పప్పు, గుడ్డు ఆ తర్వాత కూడా ఆపకండి. బీడీ మాత్రం ఇక ముట్టొద్దు. షుగర్ ఉంటే అదుపులో ఉంచుకోవాలి.

మేస్త్రీకి ఒక పద్ధతి నేర్పాం. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదాలు ముడిచి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. మెట్లెక్కేటప్పుడూ అంతే. రోజూ కాస్త నడక.

ఇప్పుడాయన కింది అంతస్తులో గోడలు కడుతున్నాడు. కూలి కొంచెం తక్కువ. మొన్న కలిసినప్పుడు బిడ్డ పెళ్లి సంగతి మొత్తం చెప్పాడు, మధ్యలో దమ్ము కోసం ఆగకుండా.