స్నేహితుడు దాటవేసిన జవాబు

మిత్రులకు నమస్కారం.

ఇంగ్లండ్ పల్లె పాటలు అని చూసి, పచ్చిక బయళ్లూ గొర్రెల మందలూ ఉంటాయనుకుని వచ్చినవారికి ముందే చెబుతున్నాను. ఈ సాయంత్రం వినబోయే ఆరు పాటల్లో మృత్యువు తొంగిచూడనిది ఒకటో అరో.

కవి ఎ.ఇ. హౌస్‌మన్, లండన్‌లో లాటిన్ ప్రొఫెసరు. 63 కవితల ‘ఎ ష్రాప్‌షైర్ ల్యాడ్’ (ష్రాప్‌షైర్ కుర్రాడు) సంపుటిని 1896లో సొంత డబ్బుతో అచ్చువేయించుకున్నారు. ఆయన పుట్టింది ఇంగ్లండ్ పడమటి జిల్లా ష్రాప్‌షైర్‌లో కాదు, పక్కనున్న వూస్టర్‌షైర్‌లో. చిన్నతనంలో పడమటి దిక్కున కనబడిన కొండల అవతల ఊహించుకున్న పల్లె ఇది. అందుకే ఇందులో పంటల లెక్కలుండవు. పడుచు కుర్రాళ్లు, వాళ్ల ప్రేమలు, తొందరపడి వచ్చే చావులు ఉంటాయి.

ఆ కవితల్లో ఆరింటిని ఇంగ్లిష్ స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్ బారిటోన్ (మధ్యస్థాయి మగ) గొంతుకూ పియానోకూ స్వరపరిచారు. అవి 1911లో వెలువడ్డాయి. ఆయన ఊరూరా తిరిగి జానపద గీతాలు సేకరించిన మనిషి. గాయకుడు విద్య ప్రదర్శించుకునే చోటు ఈ వరసల్లో దాదాపు ఎక్కడా ఇవ్వలేదు.

ఐదో పాటలో కుర్రాళ్లు వందలుగా ష్రాప్‌షైర్‌లోని లడ్లో ఊరి సంతకు వస్తారు. ముసలితనం చూడకుండా పోయేవాళ్లెవరో మొహం చూసి పోల్చుకోలేం కదా అంటాడు కవి. బటర్‌వర్త్ 1916 ఆగస్టు 5న, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర జరిగిన పోరులో, 31 ఏళ్లకే చనిపోయారు. అది తెలిసినవాళ్లు ఈ పాటను జోస్యంలా వింటారు. నాకది నచ్చదు. రాసేనాటికి ఆ యుద్ధం ఊసే లేదు. వరస కూడా ఏడవదు, సంతకు పోతున్నవాడి నడకలా తూగుతూ సాగుతుంది.

చివరి పాట దగ్గర కాసేపు ఆగుదాం. చచ్చిపోయిన కుర్రవాడు అడుగుతాడు, బతికున్న స్నేహితుడు చెబుతాడు. నా గుర్రాలు దుక్కి దున్నుతున్నాయా? ఏటి ఒడ్డున ఫుట్‌బాల్ ఆడుతున్నారా? నేను ప్రేమించిన పిల్ల ఏడుపు మానిందా? నా స్నేహితుడికి మంచి పడక దొరికిందా? రెండు గొంతులూ ఒకే గాయకుడివి. ప్రశ్నలు బహు మెల్లగా వస్తాయి, వాటి కింద పియానో స్వరాలు మెట్టుమెట్టుగా దిగుతుంటాయి. జవాబులు మాత్రం దిటవుగా ఉంటాయి. నాలుగో జవాబులో గుట్టు బయటపడుతుంది: పోయినవాడి ప్రియురాలిని ఓదారుస్తున్నాను, ఎవరి ప్రియురాలని అడగకు. అంతవరకూ ప్రశ్నలకే తోడున్న ఆ పియానో స్వరాలు ఇప్పుడు బతికున్నవాడి మాట వెనక వినిపిస్తాయి. అతను నోటితో దాటవేసినదాన్ని పియానో ఒప్పుకుంటుంది.

ఇదే కవితను మరో ఇంగ్లిష్ స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ 1909లో ‘ఆన్ వెన్‌లాక్ ఎడ్జ్’ అనే పాటల మాలలో టెనర్ (హెచ్చుస్థాయి మగ) గొంతుకు స్వరపరిచి, ఫుట్‌బాల్ చరణాలు రెండూ తీసేశారు. హౌస్‌మన్ మండిపడ్డారు. ఆ పంక్తులు పోవడం కవికే మేలన్నట్టు మాట్లాడారు స్వరకర్త. నిజమే, అవి గొప్ప పంక్తులు కావు. కానీ అడగాలనుకున్నది అడగలేనివాడు ముందు ఆటల కబుర్లే ఎత్తుకుంటాడు. బటర్‌వర్త్ వాటిని ఉంచారు. ఈ తగవులో నాది హౌస్‌మన్ పక్షం. రెండూ వినిపిస్తాను, మీరే తేల్చండి. ముందు బటర్‌వర్త్‌ది.