లాబ్రడార్ పిల్లకు కాల్షియం సిరప్ అవసరమా?

సంధానకర్త: నమస్కారం డాక్టర్ గారూ. మన ఇళ్లలో లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్న చాలామంది పెరుగన్నం పెట్టి, ఎముకలు గట్టిపడతాయని పైనుంచి కాల్షియం సిరప్ కూడా పోస్తుంటారు. ఇది మంచిదేనా?

పశువైద్యురాలు: మంచిది కాదండీ. పెద్ద కుక్క పేగులు తనకు అక్కర్లేని కాల్షియాన్ని చాలావరకు లోపలికి రానివ్వవు. ఆరు నెలల లోపు పిల్లకు ఆ అదుపు ఇంకా సరిగా ఏర్పడదు కాబట్టి, మనం ఎక్కువ పోస్తే ఎక్కువే ఒంటికి పట్టి, వేగంగా పెరిగే పెద్ద జాతుల్లో ఎముకల పెరుగుదల దెబ్బతింటుంది. అలాగని ఒట్టి అన్నం, మాంసంతో పెంచినా ముప్పే. ఒకసారి నా దగ్గరికి తెచ్చిన నాలుగు నెలల పిల్లకు ముందుకాళ్లు విల్లులా వంగిపోయి, బల్ల మీద నిలబెడితే పాదాలు చదునుగా పరుచుకున్నాయి. ఇంటివాళ్లు దానికి పూటపూటా అన్నంలో ఎముక లేని చికెన్ కలిపి ఎంతో ప్రేమగా పెట్టారు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికి శరీరం తన ఎముకల నుంచే కాల్షియాన్ని లాగేసుకుంది.

సంధానకర్త: మరి ప్యాకెట్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పశువైద్యురాలు: వెనుక వైపున్న చిన్న అక్షరాలు చదవండి. ఎదిగే వయసుకు సంపూర్ణ సమతుల ఆహారమని, పెద్ద జాతి పిల్లలకూ సరిపోతుందని అక్కడ రాసి ఉండాలి. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో (AAFCO) అనే సంఘం లెక్కల ప్రకారం, తేమను తీసేసి లెక్కిస్తే, ఎదిగే పిల్ల ఆహారంలో ప్రోటీన్ కనీసం 22.5 శాతం, కాల్షియం కనీసం 1.2 శాతం ఉండాలి. పెద్దయ్యాక సుమారు 32 కిలోలు, అంతకు మించి తూగే జాతులకైతే కాల్షియం 1.8 శాతం దాటకూడదు. ఇలాంటి ఆహారం పెడుతున్నప్పుడు సిరప్‌తో పనే లేదు. ఇంటి వంటే పెడతామంటే, పశువైద్యుల చేత దినుసులు, కొలతలు రాయించుకోండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర మాత్రం కలపవద్దు.

సంధానకర్త: ఎంత పెట్టాలో తెలిసేదెలా?

పశువైద్యురాలు: ప్యాకెట్ మీది కొలతతో మొదలుపెట్టి, పిల్ల పక్కటెముకల మీద వేళ్లు ఆనించి చూడండి. మీ చేతిని చాచి, వేళ్ల మొదళ్ల దగ్గర పైవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, పక్కటెముకలూ అలా తగలాలి. నొక్కి వెతకాల్సి వస్తే కొలత తగ్గించండి. బొద్దుగా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే, కానీ ఆ బరువంతా లేత కీళ్ల మీదే పడుతుంది.

సంధానకర్త: మా ఇంట్లోనూ మూడు నెలల పిల్ల ఉంది. రేపే ఆహారం మార్చేయవచ్చా?

పశువైద్యురాలు: ఒక్కసారిగా వద్దండీ, విరేచనాలు పట్టుకుంటాయి. పాతదాన్ని తగ్గిస్తూ, కొత్తదాన్ని పెంచుతూ వారం రోజుల్లో మార్చండి.