స్క్రీన్ మీద ఆ వంకర గీత

అందరికీ నమస్కారమండి. దూరం వెళ్ళే ఫ్లైట్ ఎక్కినవాళ్ళు ముందు సీటుకున్న స్క్రీన్‌లో మ్యాప్ చూసే ఉంటారు, చిన్న విమానం బొమ్మ, దాని వెనకాలే ఒక గీత, అదేమో తిన్నగా పోకుండా విల్లులా పైకి వంగి ఉంటుంది, వీళ్ళేంటి ఇంత చుట్టు తిప్పి తీసుకెళ్తున్నారు అనిపిస్తుంది కదా. అసలు దగ్గరి దారి అదే. గ్లోబు ఉంటే ఒక దారం కొస టోక్యో మీద, ఇంకో కొస న్యూయార్క్ మీద పెట్టి బిగించి చూడండి, పసిఫిక్ మధ్యలోంచి పోదు, పైకి జారి అలాస్కా మీదుగా పోతుంది. భూమేమో గుండ్రం, మ్యాపేమో బల్లపరుపు, తేడా అంతా అక్కడే.

అయితే దారం పోయిన చోటల్లా విమానాన్ని పోనివ్వరు. సోవియట్ ఆకాశం మూసి ఉన్న రోజుల్లో యూరప్ నుంచి జపాన్ పోవాలంటే ధ్రువం వైపు నుంచి తిరిగొచ్చి అలాస్కాలోని యాంకరేజ్‌లో దిగి, ఇంధనం నింపుకుని మళ్ళీ ఎగిరేవాళ్ళు, 1957లో కోపెన్‌హేగన్-టోక్యో సర్వీసు మొదలైంది అలాగే. తర్వాత దారి తెరిచారు, 2022లో యూరప్ విమానాలకి రష్యా మళ్ళీ మూసేసింది, దాంతో హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల్లో అయ్యే ప్రయాణం 13 గంటల దాకా పోయింది. కింద గొడవలకి పైన ఎక్కడో పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఇంకో మూడున్నర గంటలు, పాపం.

దారిని మార్చేది గాలి కూడా, అట్లాంటిక్ మీద అది పడమర నుంచి తూర్పుకి తోస్తుంది కాబట్టి న్యూయార్క్ నుంచి లండన్‌కి దాదాపు ఏడు గంటలైతే తిరుగు ప్రయాణం ఎనిమిది, ఆ గాలిని బట్టి అక్కడి దార్లు రోజూ కొత్తగా గీస్తారు.

నా మనసుకి పట్టింది మాత్రం ఇంకోటి. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగిపోతే రెండోదాని మీద ఇంత టైంలోపు ఏదో ఒక రన్‌వే చేరగలగాలి అని రూలు, ఒకప్పుడు అది 60 నిమిషాలే, 1985లో 120 దాకా ఒప్పుకున్నారు, ఇప్పుడు కొన్ని విమానాలకి మూడు గంటలు దాటి కూడా ఇస్తున్నారు. ఎంత ఇచ్చినా నడిసముద్రంలో ఎక్కడో ఒక రన్‌వే ఉండాలి కదా. పసిఫిక్‌లో మిడ్‌వే అని దిబ్బలాంటి ఒక చిన్న దీవి ఉంది, లక్షల పక్షులు, మనుషులేమో వంద మంది కూడా ఉండరు, అక్కడ అందుకోసమే ఒక రన్‌వేని సిద్ధంగా ఉంచుతారు. 2014 జులైలో హవాయిలోని హొనొలులు నుంచి గ్వామ్ దీవికి వెళ్తున్న ఒక బోయింగ్ 777 విమానంలో కాలిన వాసన వస్తే, మూడొందల పైచిలుకు మందితో రాత్రిపూట ఆ దిబ్బ మీదే క్షేమంగా దిగింది. ఇంకో విమానం వచ్చి ఎక్కించుకునేదాకా వాళ్ళంతా అక్కడున్న చిన్న జిమ్ హాల్లో కూర్చున్నారు.