డూమ్ ఎడిటర్లు రాసిన కుర్రాళ్ల గురించి

అందరికీ నమస్కారం. గేమ్స్ మీద మాట్లాడమంటే ఎక్కువమంది గేమ్ తీసినవాళ్ల గురించో, ఆడి గెలిచినవాళ్ల గురించో చెప్తారు. నేను ఈ రోజు మూడో రకం మనుషుల గురించి చెప్తాను. ఎవరో చేసిన గేమ్‌ని విప్పి చూసి, దాన్ని మార్చడానికి కావాల్సిన పనిముట్లు తామే తయారుచేసి, పైసా తీసుకోకుండా అందరికీ పంచిపెట్టినవాళ్లు. గేమ్ పేరు డూమ్, రాక్షసుల్ని కాల్చుకుంటూ గదులు దాటే గేమ్. మీలో చాలామంది పుట్టకముందు వచ్చింది, ఇప్పటికీ దానికి కొత్త లెవెల్స్ వస్తూనే ఉన్నాయి, ఎందుకు వస్తున్నాయన్నదే నా టాపిక్.

1993 డిసెంబర్ 10న అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని మెస్కీట్‌లో ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ డూమ్‌ని విడుదల చేసింది. మొదటి ఎపిసోడ్, అంటే 9 లెవెల్స్, ఉచితం. నచ్చితే డబ్బు కట్టి మిగతా రెండు ఎపిసోడ్లు తెప్పించుకోవాలి. ఫైల్‌ని విస్కాన్సిన్‌లోని ఒక యూనివర్సిటీ సర్వర్‌లో పెడదామంటే, అప్పటికే జనం అందులోకి ఎగబడి కాచుకుని కూర్చోవడంతో, గేమ్ చేసినవాళ్లకే లోపలికి వెళ్లే దారి దొరకలేదు.

సరే, అసలు విషయానికొస్తా. అంతకుముందు ఏడాది వాళ్లే తీసిన వూల్ఫెన్‌స్టైన్ 3డీని కొందరు అభిమానులు కెలికి లెవెల్స్ మార్చేశారు, బొమ్మలు మార్చేశారు. అయితే అలా మార్చాలంటే అసలు ఫైల్స్ మీదే తిరగరాయాలి, పాతది పోతుంది. ప్రోగ్రామర్ జాన్ కార్మాక్‌కి ఇది చూసి కోపం రాలేదు, సంతోషమేసింది. అందుకే డూమ్‌లో గేమ్ నడిపే ప్రోగ్రామ్‌ని ఒక పక్క, మ్యాపులు, బొమ్మలు, శబ్దాలన్నీ ఇంకో పక్క ఒకే పెద్ద ఫైల్‌లో పెట్టారు. దాన్నే వాడ్ అంటారు. ‘వేర్ ఈజ్ ఆల్ ది డేటా’ అన్న మాటల్లోంచి వచ్చిన పేరు, డేటా అంతా ఎక్కడుందీ అని. మీరు సొంతంగా ఒక చిన్న వాడ్ తయారుచేసి గేమ్ మొదలుపెట్టేటప్పుడు ఇస్తే, గేమ్ ముందు అసలు వాడ్ చదివి, దాని మీద మీది పరుచుకుంటుంది. అసలు ఫైల్‌కి చిన్న గీత కూడా పడదు. ఒక షరతు మాత్రం ఉంది. ఉచిత వెర్షన్‌తో సొంత వాడ్ నడపబోతే, కుదరదు, రిజిస్టర్ చేసుకో అని గేమ్ చెప్పేసి ఆగిపోయేది. ఆ షరతు న్యాయమైనదే అని నా అభిప్రాయం.

తలుపైతే తెరిచారు, చేతికి పనిముట్టు మాత్రం ఇవ్వలేదు. ఇడ్ వాళ్లు లెవెల్స్ గీయడానికి వాడిన డూమ్‌ఎడ్ అనే ఎడిటర్ నెక్స్ట్ అనే కంపెనీ కంప్యూటర్ల మీద నడిచేది, జనం ఇళ్లలో ఉన్నవేమో డాస్ పీసీలు. ఇచ్చినా ఎవరికీ పనికొచ్చేది కాదు.

అప్పుడు దిగారు మన కుర్రాళ్లు. న్యూజిలాండ్‌లో క్యాంటర్‌బరీ యూనివర్సిటీలో బ్రెండన్ వైబర్, బెల్జియంలో లియేజ్‌లో రఫాయెల్ కినే. ఒకరికి పగలైతే ఇంకొకరికి రాత్రి. వాళ్లతో పాటు ఇంకొంతమంది, అందరూ నెట్‌లో మెసేజ్‌ల మీదే మాట్లాడుకుంటూ వాడ్ ఫైల్‌ని బైట్ బైట్ చొప్పున చదివారు. మొదటి 12 బైట్లు హెడర్. అందులో నాలుగు అక్షరాలు ఇది కంపెనీ వాడా, బయటివాళ్ల వాడా చెప్తాయి, తర్వాతి నాలుగు బైట్లు లోపల ఎన్ని ముక్కలున్నాయో, చివరి నాలుగు ఆ ముక్కల జాబితా ఎక్కడ మొదలవుతుందో. జాబితాలో ఒక్కో ముక్కకి 16 బైట్లు: ఎక్కడుంది, ఎంతుంది, 8 అక్షరాలు దాటని పేరు. చూడండి, పుస్తకం చివర విషయసూచిక ఉన్నట్టే! మ్యాపులో నిలబడ్డ ఒక్కో రాక్షసుడికి 10 బైట్లు చాలు, అడ్డంగా ఎంత దూరం, నిలువుగా ఎంత దూరం, ఎటు తిరిగి ఉన్నాడు, ఏ రకం వాడు, ఏ కష్టస్థాయిలో కనపడతాడు. 3001 అని ఉంటే నిప్పు ముద్దలు విసిరే ఇంప్. ఇదంతా ఎవరూ వాళ్లకి చెప్పలేదు, నంబర్ మార్చి, గేమ్ నడిపి, ఏం మారిందో చూసి తెలుసుకున్నారు. తెలుసుకున్నదాన్ని మ్యాట్ ఫెల్ అనే ఆయన ‘అనఫీషియల్ డూమ్ స్పెక్స్’ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా రాసి అందరికీ వదిలాడు.

గేమ్ వచ్చి ఏడు వారాలు కూడా కాకముందే, 1994 జనవరి 26న, డూమ్ ఎడిటర్ యుటిలిటీ మొదటి వెర్షన్ బయటికొచ్చింది. అందరూ డీఈయూ అంటారు. ఏడు వారాలండీ! డాక్యుమెంట్ లేదు, సోర్స్ కోడ్ లేదు, అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఎడిటర్ రాయడంలో అసలు పీటముడి గీతలు గీయడం కాదు, నోడ్స్ కట్టడం. అప్పటి 486 మెషిన్లలో, ఏ గోడ ముందుంది, ఏ గోడ వెనకుంది అని ప్రతి క్షణం లెక్కలు వేసేంత ఓపిక లేదు. అందుకని ఆ లెక్క ముందే చేసి పెట్టేస్తారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు అనుకోండి. మొత్తం మ్యాపు మధ్యలో ఏదో ఒక గోడ వెంబడి తాడు లాగి రెండు భాగాలు చేస్తారు, ఒక్కో భాగాన్ని మళ్లీ రెండుగా, దాన్ని మళ్లీ రెండుగా, ఎక్కడా లోపలికి వంకర లేని చిన్న చిన్న చెక్కలు మిగిలేదాకా. ఎవరి తర్వాత ఎవరిని విడదీశామో ఆ వరసంతా ఒక చెట్టులా రాసిపెడతారు, దీన్నే బీఎస్‌పీ ట్రీ అంటారు, అందులో ఒక్కో విడదీతే ఒక నోడ్. గేమ్ నడిచేటప్పుడు మీరు నిలబడ్డ చోటు నుంచి ఆ చెట్టు పట్టుకుని దగ్గరి గోడలు ముందు, దూరపువి తర్వాత గీసుకుంటూ పోతుంది. డూమ్‌లో గోడలు పక్కకి జరగవు, గమనించారా? నేల పైకీ కిందకీ కదులుతుంది, తలుపు అనుకునేది కూడా నిజానికి పైకి లేచే సీలింగే. గోడ పక్కకి జరిగితే పంపకం అంతా చెడిపోతుంది కాబట్టి.

కాబట్టి మీరు ఒక్క గోడ జరిపినా నోడ్స్ మళ్లీ కట్టాల్సిందే. డీఈయూ కోసం కినే ఆ పని చేసే కోడ్ రాశాడు, తర్వాత కోలిన్ రీడ్ అదే పనికి బీఎస్‌పీ అనే ప్రత్యేకమైన ప్రోగ్రామే రాశాడు. ఇడ్ కూడా 1994లోనే తన నోడ్ బిల్డర్ సోర్స్ బయట పెట్టింది, అది కూడా నెక్స్ట్ మెషిన్ కోసం రాసిందే, దాన్ని ఇంకో అభిమాని మామూలు సీ భాషలోకి మార్చి డాస్‌కి తెచ్చాడు. లెవెల్ గీసినవాళ్ల పేర్లు నలుగురికీ గుర్తుంటాయి. ఈ నోడ్స్ కట్టినవాళ్ల పేర్లు ఎవరూ తలుచుకోరు, వాళ్లు లేకపోతే ఒక్క గది కూడా తెర మీద కనపడేది కాదు.

రెండో పనిముట్టు డీహ్యాక్‌ఎడ్, గ్రెగ్ లూయిస్ రాసింది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. వాడ్‌లో మ్యాపులూ బొమ్మలూ ఉన్నాయి సరే, ఇంప్‌కి ఎంత ప్రాణం, ఎంత వేగం, దెబ్బ తగిలితే ఎంత తరచుగా ఆగిపోతాడు అన్నవి మాత్రం గేమ్ ప్రోగ్రామ్ ఫైల్ కడుపులోనే ఉండేవి. వాటిని కార్మాక్ బయటికి తీసి పెట్టలేదు. గ్రెగ్ లూయిస్ ఆ ప్రోగ్రామ్‌లో ఆ పట్టికలు ఎక్కడున్నాయో వెతికి పట్టుకుని, వాటిని తెర మీద చూపించి మార్చనిచ్చే ప్రోగ్రామ్ రాశాడు. ఇంప్ ప్రాణం 60, దాన్ని 600 చేయండి, అదే లెవెల్ ఇంకో గేమ్‌లా అయిపోతుంది. చంపినప్పుడు పడే బొమ్మల వరసని ఇంకెక్కడికో మళ్లించండి, చచ్చినవాడు మళ్లీ లేస్తాడు. ఇలాంటి పనిముట్లు పట్టుకునే జస్టిన్ ఫిషర్ 1994లో ఏలియన్స్ టీసీ తీశాడు, డూమ్‌ని పూర్తిగా వేరే గేమ్‌గా మార్చేసిన మొదటి పెద్ద మాడ్ అది, మాడ్ అంటే అభిమానులు గేమ్‌ని మార్చి చేసిన రూపం. దాని మొదటి లెవెల్‌లో ఒక్క శత్రువు కూడా ఉండడు. ఖాళీ వరండాల్లో నడుస్తూ ఉంటారు అంతే, ఆ టెన్షన్ ఆడితే గానీ తెలియదు.

డీహ్యాక్‌ఎడ్ మార్పులని ప్యాచ్ అనే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా దాచుకోవచ్చు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ ఎంత పెద్దదో చూడండి. 1997 డిసెంబర్ 23న ఇడ్ డూమ్ సోర్స్ కోడ్ ఇచ్చేసింది. డాస్ వెర్షన్‌లో శబ్దాల కోడ్ వేరేవాళ్లది కావడంతో లైనక్స్ వెర్షన్ ఇచ్చారు. మరుసటి ఏడాదికే బూమ్, జీడూమ్ లాంటి కొత్త ఇంజిన్లు, అంటే గేమ్ నడిపే ప్రోగ్రామ్‌లు, వచ్చాయి. ఆ ఇంజిన్లలో పాత ప్రోగ్రామ్ ఫైల్ లేదు, గ్రెగ్ లూయిస్ వెతికిన పట్టికలు ఆ చోట్లలో లేవు. అయినా కొత్త ఇంజిన్లు రాసినవాళ్లు ఆ టెక్స్ట్ ప్యాచ్‌లని నేరుగా చదివేలా కోడ్ రాసుకున్నారు. ఆ రోజుల్లో ఎవరో హాస్టల్ గదిలో కూర్చుని తయారుచేసిన ప్యాచ్ ఈ రోజు మీ లాప్‌టాప్‌లో నడుస్తుంది.

డీఈయూ కూడా అంతే. దాని సోర్స్ అందరికీ ఇచ్చేశారు, దాన్ని పట్టుకుని లైనక్స్ కోసం యాడెక్స్ వచ్చింది, యాడెక్స్ నుంచి యురేకా వచ్చింది, యురేకా ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విండోస్ వాళ్లకి 2003లో డూమ్ బిల్డర్ వచ్చింది. అందులో మ్యాపు పైనుంచి గీసి, వెంటనే ఎడిటర్‌లోనే 3డీలో నడుస్తూ గోడ మీద టెక్స్చర్, అంటే గోడకి అంటించే బొమ్మ, సరిచేసుకోవచ్చు. ఇప్పటివాళ్లు వాడే అల్టిమేట్ డూమ్ బిల్డర్ దాని సంతతే. డూమ్ మొదటి ఎపిసోడ్‌లో ఎక్కువ లెవెల్స్ గీసిన జాన్ రొమెరో, 2016 జనవరిలో చాలా ఏళ్ల తర్వాత డూమ్‌కి ఒక కొత్త లెవెల్ ఇచ్చాడు. దాన్ని గీసింది అభిమానులు రాసిన డూమ్ బిల్డర్‌లోనే. ఆ వార్త చదివినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోవాల్సిన పనేం లేదు.

నేను మొదటిసారి ఒక గది గీసింది కాలేజీ రోజుల్లో, ఒక కంప్యూటర్ సెంటర్‌లో. నాలుగు గోడలు గీసి మూడింటికే టెక్స్చర్ పెట్టాను. గేమ్ నడిపితే నాలుగో గోడ ఉండాల్సిన చోట తెర అలికేసినట్టు, తిరిగిన కొద్దీ పాత బొమ్మలే ఒకదాని మీద ఒకటి సాగుతూ కనపడ్డాయి. డూమ్ వాళ్లు దీన్ని హాల్ ఆఫ్ మిర్రర్స్ అంటారు. గోడ మీద గీయడానికి ఏమీ లేకపోతే గేమ్ ఆ చోటుని వదిలేస్తుంది, అక్కడ అంతకుముందు గీసిందే మిగిలిపోతుంది. ఆ సెంటర్‌లో చెప్పేవాళ్లు ఎవరూ లేరు, మ్యాట్ ఫెల్ రాసిన స్పెక్స్ తెరిచి చదివితే విషయం అర్థమైంది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనిషి నాకోసమే కూర్చుని రాసినట్టు అనిపించింది.

ఇప్పుడు అదే గది మీ ముందు గీస్తాను. పాత డాస్ గేమ్ ఎలా నడిచేదో అలాగే నడిపే చాక్లెట్ డూమ్ ఈ మెషిన్‌లో పెట్టాను, పక్కన ఎడిటర్ తెరిచి ఉంది. ముందు ఒక గోడ ఖాళీగా వదిలి నోడ్స్ కట్టి చూపిస్తా, తర్వాత మీలో ఒకరు వచ్చి ఆ గోడకి టెక్స్చర్ పెట్టండి. వెనక వరసలో ఉన్నవాళ్లు కొంచెం ముందుకి రండి, గీతలు సన్నగా ఉంటాయి.