ఎలా ఉంది నీకు, ఎలా ఉంది మీకు: ఒకే పాట, నాలుగు వేదికలు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క పాట గురించి మాట్లాడతాను. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ రాసి పాడిన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’. ఆయన దాన్ని వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు ఊళ్లలో జనం ముందు పాడిన రికార్డింగులను పక్కపక్కన పెట్టి విందాం. మనకు ఇదేమీ కొత్త అలవాటు కాదు. ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు మద్రాసులో ఎలా పాడాడో, విజయవాడలో ఎలా పాడాడో, ఏ సంగతి ఎక్కడ పడిందో రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకునేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఆ చెవులతోనే ఈ పాటనూ వినమని మనవి.

ముందుగా నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఈ పాట పల్లవి ఒక ప్రశ్న. ఉన్నదంతా పోగొట్టుకున్న మనిషిని నిలబెట్టి ‘ఎలా ఉంది?’ అని అడగడం. చాలా ఏళ్ల కిందట ఒక మిత్రుడి కోసం దీన్ని తెలుగు చేయబోయి అక్కడే ఆగిపోయాను. ‘ఎలా ఉంది నీకు’ అనాలా, ‘ఎలా ఉంది మీకు’ అనాలా? ఇంగ్లిషులో ఆ చిక్కు లేదు. ఒక్కరైనా వెయ్యిమందైనా, చిన్నవాళ్లైనా పెద్దవాళ్లైనా ఒకటే మాట సరిపోతుంది. మనం అలా గడుపుకోలేం. నోరు తెరిచే ముందే ఎదుట ఉన్నది ఎవరో, ఎంతమందో, వాళ్లు మనకు ఏమవుతారో తేల్చుకోవాలి. నాకు తేలలేదు. తేల్చుకుందామనే కచేరీ రికార్డింగులు వినడం మొదలుపెట్టాను. వింటూ ఉంటే, పాడే మనిషికి కూడా అది ఒక్కో వేదిక మీద ఒక్కోలా తేలుతోందని అర్థమైంది.

పాట సంగతి కాస్త చెప్పుకుందాం. ‘అనగనగా’ అన్నట్టే మొదలవుతుంది. ఒక కలిగినింటి అమ్మాయి. మంచి బడిలో చదివింది, మంచి బట్టలు కట్టింది, బిచ్చగాళ్ల మీద చిల్లర విసిరింది. ఇప్పుడు ఆమే వీధిన పడింది. నాలుగు చరణాలు, ప్రతి చరణం తర్వాత ఆ ప్రశ్న. 1965 జూన్ 15న న్యూయార్క్‌లో కొలంబియా స్టూడియోలో మొదలుపెట్టినప్పుడు ఇది మూడు దెబ్బల నడకలో, మన రూపకంలా ఊగుతూ ఉండేది. మర్నాటికి నాలుగు దెబ్బల్లోకి వచ్చింది. ఆ రోజు నాలుగో టేక్‌లో కుదిరిందే మనం వినే పాట. ఆ తర్వాత కూడా వాళ్లు చాలాసార్లు ప్రయత్నించారు, అలా మళ్లీ రాలేదు.

దాని కట్టుబడి చూడండి. చరణం ఎత్తుకున్నప్పుడు కింది స్వరం స, రి, గ, మ, ప అని ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. మనం పిల్లలకు చెప్పే శంకరాభరణం మెట్లే. ఆమె ఒకప్పటి వైభవం చెబుతున్నంతసేపూ ఎక్కుడే. మొదటి చరణంలో ‘ఇప్పుడు’ అనే మాట రాగానే మ, గ, రి, స అని కిందికి దిగుతుంది. కథలో పడిపోవడం, స్వరంలో దిగిపోవడం ఒకే చోట జరుగుతాయి. ఇవాళ మనం చెప్పుకునే నాలుగు వేదికల మీదా, ఏ వాద్యాలు పెట్టినా డిలన్ ఈ మెట్లను మాత్రం కదపలేదు. కాబట్టి పోలికకు ఇవి మనకు కొలబద్ద.

స్టూడియో పాటలో ఆర్గన్ వాయించింది ఆల్ కూపర్. గిటార్ వాయిద్దామని వచ్చిన కుర్రాడు. తోటివాళ్లు ఏ స్వరం మీదికి వెళుతున్నారో విని, అర చిటిక ఆలస్యంగా వేలు వేశాడు. నిర్మాత టామ్ విల్సన్‌కు అభ్యంతరం ఉన్నా, ఆ ఆర్గన్‌ను ఇంకా పైకి వినిపించమని డిలన్ పట్టుబట్టాడు. ఆ వెనకాడే ఆర్గన్ వల్లే నాకు ఆ ప్రశ్నలో కాస్త జాలి వినిపిస్తుంది. ఎదురుగా ఒకే మనిషి ఉంది. ఆ గొంతులో కోపం ఉంది, చనువూ ఉంది. నిస్సందేహంగా ‘ఎలా ఉంది నీకు’.

పాట జూలై 20న విడుదలైంది. అయిదు రోజుల తర్వాత, జూలై 25న, అమెరికాలోని న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో, అంతవరకూ అక్కడి జనం ముందు మామూలు గిటార్‌తోనే పాడుతూ వచ్చిన డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని వేదిక ఎక్కాడు. రాత్రికి రాత్రి సాధన చేసుకున్న బృందం. ఆ బృందంతో పాడినవి మూడే పాటలు, రెండోది ఇది. ఈలలూ చప్పట్లూ కేకలూ కలిసిపోయాయి. పాట నచ్చక అరిచారా, మైకులు సరిగ్గా లేక మాటలు వినపడక అరిచారా అని ఇప్పటికీ వాదించుకుంటారు. జానపద గాయకుల్లో పెద్దవాడు పీట్ సీగర్ అంతటివాడు మాటలు వినపడటం లేదన్న కోపంతో గొడ్డలి ఉంటే తీగ తెంపేసేవాణ్ణన్నాడు. ఆ చిత్రీకరణ చూస్తే నాకు తోచేది ఒకటే. డిలన్ ఇంకా పాటను మోయడంలోనే ఉన్నాడు. ఎవరిని అడగాలో చూసుకునే తీరిక లేదు. ఈ రికార్డింగుకు చరిత్రలో ఉన్నంత చోటు సంగీతంలో లేదని నా అభిప్రాయం.

ఇంగ్లండులోని మాంచెస్టర్ దగ్గర మాత్రం నిదానంగా ఆగుదాం. 1966 మే 17, ఫ్రీ ట్రేడ్ హాల్. ఆ ఏడాది పర్యటనలో డిలన్ కచేరీ రెండు భాగాలు. మొదటి భాగంలో ఒంటరిగా గిటార్, మౌత్ ఆర్గన్. జనం ఊపిరి బిగబట్టి వినేవారు. రెండో భాగంలో హాక్స్ బృందం: రాబీ రాబర్ట్‌సన్ గిటార్, గార్త్ హడ్సన్ ఆర్గన్, రిచర్డ్ మాన్యుయెల్ పియానో, రిక్ డాంకో బేస్, మికీ జోన్స్ డ్రమ్స్. అప్పుడు అదే జనం ఎగతాళిగా నెమ్మదిగా చప్పట్లు చరిచేవారు.

వాళ్లను తేలిగ్గా తీసేయకండి. 1963 ఆగస్టులో వాషింగ్టన్ పౌరహక్కుల ప్రదర్శనలో పాడిన గొంతు డిలన్‌ది. ఆ పాటలను వాళ్లు తమ ఆస్తిగా దాచుకున్నారు. ఉద్యమంలో పాట ఏం చేస్తుందో కళ్లారా చూసిన మనకు, ఆ గాయకుడు మరోవైపు తిరిగితే మనసు ఎలా చివుక్కుమంటుందో ఒకరు చెప్పక్కర్లేదు.

చివరి పాటకు ముందు కాస్త నిశ్శబ్దం. హాల్లోంచి ఒక గొంతు ‘జూడాస్!’ అని అరిచింది. మన తెలుగు బైబిల్లో యూదా, ముప్పై వెండి నాణేలకు గురువును పట్టిచ్చిన శిష్యుడు. చప్పట్లు, నవ్వులు. డిలన్ ఒక్క క్షణం ఆగి, ‘నిన్ను నేను నమ్మను’ అన్నాడు. మళ్లీ ఆగి, ‘నువ్వు అబద్ధాలకోరువి’ అన్నాడు. ఆ వెంటనే ఒక మోటు మాట జోడించి, గట్టిగా వాయించమనడం వినిపిస్తుంది. డ్రమ్ మీద దెబ్బ పడింది.

స్టూడియోలో 6 నిమిషాల చిల్లర ఉన్న పాట ఇక్కడ సుమారు 8 నిమిషాలు. నడక బరువెక్కింది. ప్రతి పాదం చివరి అచ్చును డిలన్ లాగి లాగి వదులుతాడు. హడ్సన్ ఆర్గన్‌లో కూపర్ తడబాటు లేదు. చదువుకున్న చెయ్యి, ఏ మెట్టు మీద నిలవాలో ముందే తెలిసిన చెయ్యి. జాలి పోయింది. అంతవరకూ హాలంతా ‘మేము’ అని నిలబడి ఉంది, ఆయన్ను బయటికి నెట్టిన ‘మేము’. దానికి ఎదురుగా ఆయన ‘ఎలా ఉంది మీకు’ అంటున్నాడు. మర్యాద ఇసుమంత లేని బహువచనం. అమ్మాయి కథలోంచి తప్పుకుంది, ఆ చోటులో శ్రోతలు నిలబడ్డారు. ఇన్నేళ్లుగా వింటున్నా మూడో పల్లవి దగ్గర నా చేతుల మీద రోమాలు లేస్తాయి. ఈ రికార్డింగు ‘రాయల్ ఆల్బర్ట్ హాల్’ అన్న తప్పు పేరుతో దొంగ రికార్డులుగా ఏళ్ల తరబడి తిరిగి, 1998లో గాని అధికారికంగా బయటికి రాలేదు.

ఆ జూలైలో మోటార్ సైకిల్ ప్రమాదం జరిగింది. తర్వాత మూడేళ్లు డిలన్ పూర్తి కచేరీ అంటూ చేయలేదు. 1969 ఆగస్టు 31న ఇంగ్లండులో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో తెల్ల సూటు వేసుకుని వచ్చాడు. బృందంలో ఎక్కువమంది పాతవాళ్లే, ఇప్పుడు వాళ్ల పేరు ‘ద బ్యాండ్’. గొంతు మారిపోయింది, మెత్తగా, గుండ్రంగా ఉంది. మాటలు అక్కడక్కడ మరిచిపోయాడు. పాట 5 నిమిషాల పైచిలుకులో అయిపోయింది. ఇది కూడా ‘మీకు’నే. కాకపోతే ఆస్పత్రికి పలకరించడానికి వెళ్లినప్పుడు ‘ఎలా ఉంది మీకు’ అంటామే, ఆ పరామర్శ. అడిగి, జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోతాడు. నాకు ఇష్టమైన పాఠం కాదు గానీ, మాంచెస్టర్ తర్వాత ఆ మనిషికి ఆ మెత్తదనం ఎంత అవసరమో విన్నప్పుడల్లా అనిపిస్తుంది.

1974 జనవరి 3న షికాగోలో మొదలై ఫిబ్రవరి 14న లాస్ ఏంజెలెస్ దగ్గర ముగిసిన పర్యటన మరో రకం. అదే ‘ద బ్యాండ్’. ఆ ఏడాదే ‘బిఫోర్ ద ఫ్లడ్’ అనే ఆల్బమ్‌గా వచ్చింది. అట్ట మీద చీకట్లో చిన్న చిన్న మంటలు ఎత్తి పట్టుకున్న జనం. డిలన్ దాదాపు అరుస్తాడు, వాయిద్యాలు పరుగెత్తుతాయి. అప్పటికి అమెరికా సేనలు వియత్నాం వదిలి వచ్చేశాయి, అధ్యక్షుడు నిక్సన్ మెడకు చుట్టుకున్న వాటర్‌గేట్ కుంభకోణం నడుస్తోంది. 1965లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ముప్పై దగ్గరపడ్డాయి. పల్లవి రాగానే వేలమంది హోరు. ఎవరి మీదా విసిరిన ప్రశ్న కాదది. తెలుగులో దానికి ‘ఎలా ఉంది మనకు’ తప్ప మరో మాట లేదు. మాంచెస్టర్‌లో ‘మేము’ అన్న జనానికీ, ఇక్కడ ‘మనం’ అంటున్న జనానికీ మధ్య ఎనిమిదేళ్ల దూరం. అయితే ఆ హోరులో మ, గ, రి, స దిగే చోటు చెవికి ఆనదు. ఆ నష్టం నాకు పెద్దదే.

తర్వాతివి చాలా ఉన్నాయి. 1978లో టోక్యో బుడోకాన్ కచేరీలు, 1994లో ‘ఎంటీవీ అన్‌ప్లగ్డ్’ అనే టీవీ కార్యక్రమం. వాటిలో పాడే పద్ధతి మారింది గానీ, ప్రశ్న చేరే చోటు మారినట్టు నాకు వినపడలేదు.

నా తెలుగు సేత ఇప్పటికీ పూర్తి కాలేదు. పల్లవి దగ్గర ‘నీకు’ అని రాసి కొట్టేసి, ‘మీకు’ అని రాసిన కాగితం ఇదిగో, నా చేతిలోనే ఉంది. ఇప్పుడు మాంచెస్టర్ రికార్డింగు వినిపిస్తాను. ఆ అరుపు దగ్గర నుంచి డ్రమ్ దెబ్బ దాకా ఉన్న కొద్ది క్షణాలు దయచేసి ఎవరూ మాట్లాడకండి. తలుపు వేయండి బాబూ. శబ్దం కాస్త పెంచండి.